అప్పకు నేను చూపించిన గుహ

మొన్న ఆదివారం మా మనవరాలు స్నేహితురాళ్లతో కలిసి నెల్లిమర్ల అవతల కొండ మీదున్న జైనుల గుహ చూసి వచ్చింది. దారి చూపే మనిషెవరూ లేరట, ఫోనులో ఒక గొంతు చెబుతూ ఉంటే వింటూ తిరిగారట. విన్నదంతా నాకు ఒప్పజెప్పింది. ఒక్క తప్పు లేదు. మెచ్చుకుని పంపాను గాని, ఆ తర్వాత చాలాసేపు పేపరు చేతిలో పట్టుకుని చదవకుండానే కూర్చున్నాను. దాదాపు అవే మాటలు, అదే గుహలో, అరవైల చివర నేను మా అప్పకు చెప్పాను.

అక్కను మా వైపు అప్ప అంటాం. ఆమెను ఆమదాలవలస దగ్గర ఒక ఊరికి ఇచ్చారు. పెళ్లయి తొమ్మిదేళ్లయినా పిల్లలు లేరు. అత్తవారు బావకు మరో సంబంధం వెతుకుతున్నారన్న కబురు అప్పటికే మాకు చేరింది. ఆ గుహలో ఉన్న దిగంబర విగ్రహాన్ని చుట్టుపక్కలవాళ్లు సన్నాసి దేవుడనేవారు. బిడ్డలు కావాలనుకునేవాళ్లు అక్కడ గుడ్డ ఉయ్యాల కట్టి మొక్కుకుని, పుట్టిన బిడ్డకు ఆ పేరే పెట్టేవారు. మన ఈడువాళ్లకు గుర్తుండే ఉంటుంది, విజయనగరం బజారులో సన్యాసీ అని పిలిస్తే నలుగురైనా తిరిగి చూసేవారు. నా పేరూ అదే. అప్ప తర్వాత పుట్టినవాళ్లెవరూ దక్కకపోతే అమ్మ అక్కడ మొక్కుకుంది, నేను పుట్టాను. ఆ పేరు తిట్టు కూడా కావడంతో, కాలేజీలో చేరాక సిగ్గుపడి పొడి అక్షరాల్లోకి కుదించుకున్నాను.

మాఘమాసంలో ఒక ఉదయం అప్ప, నేను చదువుకుంటున్న విజయనగరంలో రైలు దిగింది. సంచిలో కొబ్బరికాయ, పసుపు, కుంకుమ, అమ్మ పాత చీరలోంచి చింపిన మెత్తటి గుడ్డ ఉన్నాయి. తెలిసిన పెద్దవాళ్లనెవరినైనా వెంట తీసుకెళ్లమని అమ్మ చెప్పి పంపింది. బి.ఏ. చరిత్ర చదువుతున్న నేనుండగా ఇంకొకరెందుకనుకున్నాను. లైబ్రరీ పుస్తకంలోంచి రెండు పేజీలు రాసుకుని, ఒక టార్చిలైటు అడిగి తెచ్చుకున్నాను. మొక్కుకునేదాకా ఏమీ తినకూడదని అప్ప పరగడుపున కొండ ఎక్కుతుంటే, నేను ప్రతి మలుపులోనూ ఆగి, కాగితం తీసి, ఇక్కడ మునులు పడుకునేవారని, ఇది వాళ్లు చెక్కిన మెట్టని చెబుతూ వచ్చాను.

"ఒరే, ఊపిరి తీసుకోనిస్తావా? దేవుణ్ణి సూడ్డానికొస్తే పరీచ్చకి సదివించినట్టు సదివిస్తన్నావేటి?" అని నవ్వింది.

లోపల వెనక గోడకు అరిగిపోయిన విగ్రహం, దాని మీద పాత పసుపు, పక్కన రాతి కొసకు ఎవరో కట్టిపోయిన రెండు ఉయ్యాలలు. అప్ప సంచి విప్పుతోంది. సరిగ్గా అప్పుడే నేను టార్చి వేసి, ఈయన మన దేవుడు కాడని, సంసారం విడిచిపెట్టిన జైనుడని, ఆలుబిడ్డలు బంధమని చెప్పినవాణ్ని బిడ్డనిమ్మని అడగడం ఎంత అమాయకత్వమో చూడమని చెప్పాను. నవ్వుతూనే చెప్పాను.

"మరి నీ పేరేటిరా, సన్నాసీ?" అంది.

అది కాకతాళీయం అన్నాను. ఆ మాటకు అర్థం ఆమె అడగలేదు. కాసేపు విగ్రహం వైపు, కాసేపు నా వైపు చూసి, గుడ్డ మడిచి మళ్లీ సంచిలో పెట్టుకుంది. కొబ్బరికాయ కొట్టలేదు. కొండ దిగుతూ, ఆకలేస్తున్నాదిరా అంది. నా మాట నమ్మిందని నేనెంత గర్వపడ్డానో ఇప్పుడు రాయడానికి చేయి రావడం లేదు.

మొక్కుకుని వచ్చిన కోడలి మీదికి ఏడాది తిరక్కుండా సవతిని తేకూడదని ఆ ఊళ్లలో ఒక పట్టింపు ఉండేది. అది అప్పకు తెలుసు, నాకు తెలియదు. బావకు సంబంధం కుదిరిందని విన్నాక అమ్మ ఏడుస్తూ నాకా సంగతి చెప్పింది. ఆ రోజే రైలెక్కి వెళ్లి, నమ్మకం లేకపోయినా సరే, ఆ గడువు కోసమైనా ఉయ్యాల కట్టి రమ్మని అప్పను బతిమాలాను.

"ఆయన మనోడు కాడని నువ్వే సెప్పినావు కదరా. మనోడు కానోణ్ణి ఏటని అడుగుతాను?" అంది. కోపంగా అనలేదు.

వైశాఖంలో బావ మళ్లీ పెళ్లి చేసుకున్నాడు. అప్ప మా ఇంటికి వచ్చేసి, నా పిల్లలను పెంచి, మా ఇంట్లోనే పోయింది. ఒక్కనాడూ ఆ గుహ మాట ఎత్తలేదు. ఎత్తి ఉంటే బాగుండేది.

మొక్కుకుంటే బిడ్డ పుట్టేదని నేను ఇప్పటికీ అనుకోను. కాని ఏడాది గడువులో మనుషుల మనసు మారదని ఎవరు చెప్పగలరు? ఇప్పుడు ఆ పేరు ఎవరూ పెట్టుకోవడం లేదు. గుహలో ఉయ్యాలలేవీ కనబడలేదని మనవరాలు చెప్పింది. విగ్రహం ఎవరిదో అందరికీ తెలుసు. నేను చెప్పింది నిజమే. వెయ్యేళ్లుగా ఎవరూ చెప్పకుండా ఆగిన నిజం, అప్ప ఉయ్యాల కట్టేదాకా ఇంకొక్క అరగంట ఆగేది.