నా లాప్‌టాప్‌ని కోల్డ్ స్టోరేజీలో పెట్టిన వేసవి

నా మూలంగా ఒక ఆఫీసు ఆఫీసంతా ఏడ్చింది. నేనేదో ఉద్యోగం మానేసి వెళ్లిపోతుంటే బెంగతో ఏడ్చారనుకునేరు. కాదు, నేను చేరిన మొదటి రోజే ఏడ్చారు, అదీ ముక్కులు చీదుకుంటూ. ఆ ఘోరం ఎలా జరిగిందో మొదటి నుంచీ చెప్తాను. పక్కన మంచినీళ్లు పెట్టుకుని చదవడం మీకే మంచిది.

మాది పర్చూరు దగ్గర పల్లెటూరు. ఇంట్లో అందరూ మిరప, పత్తి పండిస్తే, ఇంజనీరింగ్ చదివిన నేను కంప్యూటర్ ఆటల పిచ్చి పండించాను. ఆడపిల్లకి ఆ తుపాకులేమిటి, ఆ గోడలు దూకడమేమిటి అని చుట్టాలు నొసలు చిట్లించేవాళ్లు. ఇలా ఉండగా, ఆటలు తయారుచేసే ఒక చిన్న కంపెనీ హైదరాబాదు నుంచి నన్ను ఇంటర్వ్యూకి పిలిచింది. ఆటని జనంలోకి వదిలే ముందు ఆడి చూసి, అందులో తప్పులు పట్టుకోవడమే ఉద్యోగం. ఆడుకుంటే జీతం ఎవడిస్తాడే అని మా అమ్మ నమ్మలేదు. చివరికి ఒక ఒప్పందానికి వచ్చింది. ఉద్యోగం వస్తే సరే. రాకపోతే ఆ లాప్‌టాప్ అమ్మేసి, నోరు మూసుకుని ఒంగోలు వెళ్లి బీఈడీలో చేరాలి.

నన్ను చూసినవాళ్లెవరూ నా చేతికి పిల్లల్ని అప్పగించరు. కాబట్టి ఈ ఉద్యోగం నాకే కాదు, నా చేతిలో పడబోయే విద్యార్థులకి కూడా అవసరం.

చిక్కల్లా లాప్‌టాప్‌తోనే వచ్చింది. ఇంటర్వ్యూలో కెమెరా పెట్టుకుని, వాళ్ల కొత్త ఆటని నా లాప్‌టాప్ మీదే గంటసేపు ఆడి చూపించాలి. అది చూస్తే మే నెల. పావుగంట ఆడేసరికి లాప్‌టాప్ మీద అట్టు పోసుకోవచ్చు. ఫ్యాను పిండిమరలా మోగి మోగి, చివరికి తెర నల్లబడి ఆరిపోయేది. విప్పి లోపల దుమ్ము దులపమని స్నేహితులు చెప్పారు. విప్పడానికి వారంటీ, నా ధైర్యం రెండూ అడ్డొచ్చాయి. దాని కింద స్టీలు గిన్నెలు బోర్లించాను. కూలర్ ముందు పెడితే అది నా లాప్‌టాప్‌కి తలంటు పోయబోయింది. మా నాయనమ్మ అయితే, "దానికి వేడి చేసిందే, సబ్జా గింజలు నానబెట్టనా?" అంది. నానబెట్టింది కూడా. నేనే తాగాను.

అప్పుడు వచ్చాడు మా బాబాయి. ఆయన పక్క జిల్లాలో, నల్లపాడు వైపు ఒక మిర్చి కోల్డ్ స్టోరేజీలో మేనేజరు. మా వైపు రైతులు ధర వచ్చేదాకా మిరపకాయల్ని అందులో దాస్తారు. అందుచేత ఎండకి పాడయ్యేది ఏదైనా సరే, మా వాళ్ల బుర్ర ముందు అటే పోతుంది. బాబాయి నా లాప్‌టాప్ మీద చెయ్యి పెట్టి, చురుక్కుమనేసరికి తీసేసి, నవ్వాడు.

"ఏడాదిపాటు మిరపకాయ రంగు తగ్గకుండా కాపాడేవాణ్ణి బుజ్జీ. నీ లాప్‌టాప్‌ని ఒక గంట కాపాడలేనా?"

ఆ మాట వినగానే నాకు ప్రాణం లేచి వచ్చింది. చల్లదనానికి చల్లదనం, కరెంటు పోతే జనరేటరు. దేశంలో ఏ ఇంజనీరుకీ తట్టని ఉపాయం మా ఇంట్లో తట్టిందని పొంగిపోయాను. ఇంటర్వ్యూ రోజు పొద్దున్నే బస్సెక్కి, స్వెట్టరూ, నాయనమ్మ మంకీ క్యాపూ సంచిలో పెట్టుకుని బయల్దేరాను. మే నెలలో సంచిలోంచి తొంగిచూస్తున్న మంకీ క్యాపు చూసి కండక్టరు టికెట్టు ఇవ్వడానికి కాస్త ఆలోచించాడు.

లోపలి గదుల గోడలు మరీ మందం, ఫోను సిగ్నలు రాదు. అందుకని గదుల తలుపులకీ బయటి తలుపుకీ మధ్య, బస్తాలు దించే వరండాలో బాబాయి నాకు కొలువు తీర్చాడు. ఒక మిర్చి బస్తా కుర్చీ, దాని ముందు ఒకదాని మీద ఒకటి పేర్చిన బస్తాలు బల్ల. పైబస్తా మీద పేరుకున్న ఎర్రటి పొడిని అరచేత్తో శుభ్రంగా తుడిచి, లాప్‌టాప్ పెట్టాను. ఘాటు లేదా అని మీరడగొచ్చు. మిర్చి రైతు బిడ్డని, నాకు ఘాటేమిటి అన్న పొగరు నాది. లోపలి గది తలుపు తెరిచినప్పుడల్లా చల్లగాలి వచ్చి తగులుతుంటే, లాప్‌టాప్ కుండలో నీళ్లలా చల్లగా ఉంది. దాన్ని ముద్దు పెట్టుకోబోయి, బస్తాలు మోసే ముఠా వాళ్లు చూస్తున్నారని మానేశాను.

చెప్పిన వేళకి తెర మీద ఇద్దరు కనిపించారు. ఒకరు మాధవి గారు, ఆ కంపెనీ నడిపే ఆవిడ. రెండో ఆయన గడ్డం పెంచుకున్న పెద్దమనిషి, ఆయన చూపు నా తల మీది మంకీ క్యాపు దగ్గర ఆగిపోయింది. ఆటని ముందే తెరిచి ఉంచమన్నారు కాబట్టి తెరిచే ఉంచాను. మాధవి గారు నవ్వి, మీ పేరు చెప్పండి అన్నారు.

సరిగ్గా అప్పుడే ఫ్యాను లేచింది.

లాప్‌టాప్ ఫ్యాను అడుగు నుంచి గాలి పీల్చి పక్క నుంచి వదులుతుంది. ఈ సంగతి నాకు కాలేజీలో చెప్పే ఉంటారు. ఆ అడుగున ఉన్నది మిర్చి బస్తా అయితే ఏమవుతుందో మాత్రం చెప్పలేదు. నేను నోరు తెరిచాను. నా పేరు బదులు తుమ్ము వచ్చింది, దాని వెనకాలే ఇంకో రెండు. కళ్లు మండితే తుడుచుకున్నాను. ఏ చేత్తో అంటారా? బస్తా తుడిచిన చేత్తో.

ఆ తర్వాత నేను చూసింది తక్కువ, ఏడ్చింది ఎక్కువ. ముక్కు, కళ్లు కలిసి ప్రవహించాయి. గొంతులోంచి వెక్కిళ్లు తప్ప మాట రాలేదు. మాధవి గారు కంగారుపడి, భయపడకండి, నీళ్లు తాగండి, ఇది మామూలు ఇంటర్వ్యూనే అని సముదాయిస్తున్నారు. నా ఏడుపు విని బాబాయి పరుగెత్తుకొచ్చాడు, ఆయన వెనక ముఠా మొత్తం వచ్చింది. ఆయన ఇరవై ఏళ్లుగా ఆ గాలే పీలుస్తున్నాడు, ఆయనకి ఘాటు తెలియదు. కనిపించిందల్లా ఒకటే: తెర మీద ఇద్దరు కొత్తవాళ్లు, తెర ముందు ఏడుస్తున్న అన్న కూతురు. నన్ను పక్కకి జరిపి కెమెరాలో తల పెట్టాడు.

"ఏమండీ, మా పిల్లని ఏం అడిగారండీ అంతలా ఏడుస్తోంది?"

"ఇంకా పేరే అడిగామండీ," అన్నారు మాధవి గారు బిక్కుబిక్కుమంటూ.

"పేరడిగితే ఏడ్చే పిల్ల కాదండీ మాది."

నేను ఆయన చొక్కా పట్టుకుని లాగుతున్నాను. ఆయన ఆగలేదు. ఈ ఉద్యోగం రాకపోతే మా వదిన లాప్‌టాప్ అమ్మేస్తుందనీ, పిల్లని బీఈడీలో పడేస్తుందనీ, దీనికి ఆటలు తప్ప ఏమీ చేతకాదనీ, నా బయోడేటాలో లేనివన్నీ వరసగా చెప్పాడు. ముఠా వాళ్లు అవునవునని తలలూపారు. వాళ్లలో ఎవరికీ నా పేరు కూడా తెలియదు.

మాధవి గారు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. గడ్డం ఆయన కెమెరా ఆపేసుకున్నాడు. ఆవిడ అద్దాలు మళ్లీ పెట్టుకుని, మీకు ఓపికుంటే ఆడి చూపించండమ్మా అన్నారు.

ఓపిక ఉంది, చూపే లేదు. ఒక కన్ను పూర్తిగా మూసుకుపోయి, రెండోది ఎర్రటి మసకలో ఉంది. అయినా ఒంగోలు బీఈడీ కాలేజీ తలుచుకుని, దొరికిన మీటలన్నీ నొక్కాను. శత్రువులు ఎటున్నారో తెలియదు. ఆటలో నా మనిషి మాత్రం ఎదురుగా ఉన్న గోడకి తల బాదుకుంటున్నాడని చప్పుడు వల్ల తెలుస్తోంది. పక్కకి తిప్పుదామంటే ఏ పక్కో తెలియక బాదిస్తూనే ఉన్నాను. ఉన్నట్టుండి చప్పుడు ఆగిపోయింది. గోడలోంచి దూరి నా మనిషి అవతల శూన్యంలోకి పడిపోయాడట. గడ్డం ఆయన కెమెరా చటుక్కున మళ్లీ వెలిగింది.

వారం తర్వాత ఫోన్ వచ్చింది, ఉద్యోగం నాదే. ఆ గోడలో లోపం ఎక్కడుందో వాళ్ల మనుషులకి నెలల తరబడి దొరకలేదట. అంత ఓపిగ్గా ఒకే గోడని బాదాలన్న ఆలోచన మీకెలా వచ్చిందండీ అని మాధవి గారు ఆశ్చర్యపోయారు.

"దానికంటే ముఖ్యం ఇంకోటుందమ్మా. ఒక ఉద్యోగం కోసం అంతలా ఏడ్చిన మనిషిని నేనెక్కడా చూడలేదు," అన్నారు.

నిజం చెప్దామని నోరు తెరిచాను. మా అమ్మ వెనకే నిలబడి వింటోంది. థాంక్సండీ అనేశాను.

ఆ రోజు నుంచి భయంతో నేను లాప్‌టాప్ తెరవలేదు. తువ్వాల్లో చుట్టి బీరువాలో పెట్టి, అలాగే హైదరాబాదు మోసుకెళ్లాను. కంపెనీ ఇచ్చే కంప్యూటరు వచ్చేదాకా మీ లాప్‌టాప్పే వాడుకోండి అన్నారు. తలుపులన్నీ మూసిన పెద్ద ఏసీ హాలు, తెల్లటి బల్లలు. నన్ను సరిగ్గా మధ్యలో కూర్చోబెట్టారు. ఆట తెరిచాను. కాసేపటికి ఫ్యాను లేచింది.

ముందు గడ్డం ఆయన తుమ్మాడు. తర్వాత ఆయన పక్కాయన, తర్వాత వరసలు వరసలుగా అందరూ తుమ్మారు. ఎవరో గ్యాసు లీకైందన్నారు. అందరూ కళ్లు తుడుచుకుంటూ మెట్ల మీదికి పరుగెత్తారు. హాల్లో నేనూ, చున్నీ ముక్కుకి అడ్డం పెట్టుకున్న మాధవి గారూ మిగిలాం. తెల్లటి బల్ల మీద, నా లాప్‌టాప్ పక్కన, ఎర్రటి పొడి పలచగా పరుచుకుని ఉంది. ఆవిడ ఒక్క చిటికెడు తీసి వాసన చూశారు. నా కాళ్ల కింద భూమి బీఈడీ కాలేజీ వైపు కదిలింది.

"అంటే ఆ రోజు నువ్వు ఏడ్చింది..."

"మిరపకాయలకండీ."

ఆవిడ కళ్లలోంచి నీళ్లు ధారగా కారుతున్నాయి. అది కోపమో నవ్వో ఘాటో తేల్చుకోలేక చేతులు కట్టుకుని నిలబడ్డాను.

"ఏడ్చావని నీకు ఉద్యోగమిచ్చాను," అన్నారు. "ఇప్పుడు ఆఫీసంతా ఏడుస్తోంది. వీళ్లందరికీ జీతాలు పెంచమంటావా?"

ఆ సాయంత్రం గడ్డం ఆయనే నా లాప్‌టాప్‌ని మేడ మీదికి పట్టుకెళ్లి, మూతికి గుడ్డ కట్టుకుని, విప్పి దుమ్ము ఊదాడు. ఎరుపు పోయాక తెల్లటి పత్తి నూగు ఉండలు ఉండలుగా వచ్చింది. అది పోయాక లాప్‌టాప్ వేడెక్కడం మానేసింది. అంత చిన్న పనికి నేను మంకీ క్యాపు పెట్టుకుని జిల్లా దాటాను.

కాబట్టి కుడి చెయ్యి చాపి, ఎడమ చేత్తో ముక్కు మూసుకుని, మీ అందరి ముందూ ప్రమాణం చేస్తున్నాను. నా లాప్‌టాప్ కుతకుత ఉడికినా, పొగలు కక్కినా, దాన్ని మిరపకాయల దరిదాపులకి తీసుకెళ్లను. ఈ మాటే నిన్న బాబాయికి ఫోన్లో గట్టిగా చెప్పేశాను. ఆయన ఏమాత్రం నొచ్చుకోలేదు. మిర్చి వద్దులే బుజ్జీ, ఈ వేసవికి పసుపు గది ఖాళీగా ఉంది అన్నాడు.

ఆలోచించి చెప్తానన్నాను.