ఖాళీ కుర్చీ మావయ్య

మావయ్యకు ఉన్నది ఒకే ఒక్క అలవాటు. అయితే ఆ ఒక్కటీ ఇంటిల్లిపాదికీ చాలినంత. జనం ఉన్నచోట ఆయన నిలువరు. కుర్చీలు ఎక్కడ ఖాళీగా ఉంటే అక్కడ కూర్చుంటారు. తక్కిన కుర్చీలు నిండగానే లేచి వెళ్లిపోతారు. ఈ కారణం చేత బంధువర్గంలో ఆయనకు "ఖాళీ కుర్చీ మావయ్య" అన్న పేరు స్థిరపడింది. సదరు పేరుపై ఆయన ఎన్నడూ అభ్యంతరం తెలిపినట్టు దాఖలా లేదు.

వారి వీధిలో రెండు క్షౌరశాలలు పక్కపక్కనే ఉండేవి. మొదటిదానిలో మనుషులు గోడకు ఆనుకొని తమ వంతు కోసం వేచి ఉండేవారు. రెండవదానిలో క్షురకుడు అద్దంలో తన జుట్టు తానే దువ్వుకుంటూ కాలం గడిపేవాడు. మావయ్య రెండవదానికే వెళ్లేవారు. ఆ క్షురకుడు వృత్తికి కొత్తవాడు కావడం వల్ల, మావయ్య తలపై ఎడమవైపు ఒక ఋతువు, కుడివైపు మరొక ఋతువు నడుస్తున్నట్టు కనిపించేది.

"ఏరా తమ్ముడూ, ఎవరితోనైనా తన్నులాడుకున్నావా?" అని అక్కగారు అడిగేవారు.

"లేదక్కా, క్షవరం చేయించుకున్నాను."

"డబ్బులిచ్చే?"

క్రమేణా ఆ క్షురకుని చేయి తిరిగింది, దుకాణం నిండసాగింది. చక్కని క్షవరం లభించే తరుణం ఆసన్నమైన వెంటనే మావయ్య అటు వెళ్లడం విరమించుకొని, వీధి చివర కొత్తగా తెరిచిన మరో దుకాణానికి తన తలను అప్పగించారు.

సినిమాల సంగతీ అంతే. ఒక పర్యాయం హాలులో ఆయన ఒక్కరే ఉండగా, నిర్వాహకుడు వచ్చి చేతులు నలుపుకున్నాడు.

"సార్, ఎవరూ రాలేదు. ఆట ఆపేద్దామనుకుంటున్నాం."

"నేను వచ్చాను కదండీ."

ఆట మొదలైంది. మధ్యలో ఒక కుటుంబం వచ్చి ముందు వరుసలో కూర్చుంది. మావయ్య లేచి ఇంటికి వచ్చేశారు.

"హంతకుడెవరో తేలిందా?" అన్నారు అక్కగారు.

"తేలలేదక్కా. జనం వచ్చారు."

"నువ్వు బస్సెక్కితే చాలు, ఆ బస్సు ఎక్కడికీ పోదని మిగతావాళ్లు దిగిపోతార్రా!"

ఈ అక్కగారి కుమార్తె, అనగా మావయ్యకు మేనకోడలు, చిన్ననాట రోబోలంటే భయపడేది. ఆ రోజుల్లో పిల్లలందరూ హాలులోని పెద్ద టీవీ ముందు చేరి, భారీ రోబోలు ఒకదాని తల ఒకటి పగులగొట్టుకోవడం చూసేవారు. ఈమె మాత్రం వెనక గదిలోని చిన్న టీవీలో "గొడుగుల గది" అనే యానిమే, అంటే జపాను బొమ్మల ధారావాహిక, చూసేది. రైలు ప్రయాణికులు మరచిపోయిన గొడుగులను భద్రపరిచే గదిలో ఆ కథ నడుస్తుంది. ప్రతి భాగంలోనూ ఒక గొడుగు తన యజమాని కోసం ఎదురుచూస్తుంది. కొన్ని భాగాలలో యజమాని వస్తాడు. చాలా భాగాలలో వాన మాత్రమే వస్తుంది. వెనక గదిలో రెండో కుర్చీ ఎప్పుడూ ఖాళీయే గనుక మావయ్య వచ్చి అందులో కూర్చునేవారు. చూసేవారు లేరన్న కారణంపై ప్రసారం అర్ధాంతరంగా నిలిచిపోయింది. చివరి భాగాలు ఎవరి కంటా పడలేదు.

మేనకోడలు పెద్దదై, పాత యానిమేలను డిస్కులుగా విడుదల చేసే ఒక చిన్న సంస్థలో ఉద్యోగంలో చేరింది. పట్టుబట్టి, "గొడుగుల గది" హక్కులు కొని విడుదల చేయడానికి అభిమానుల నుండి చందాలు సేకరించే పని తలకెత్తుకుంది. నిబంధన కఠినమైనది. గడువులోగా లక్ష్యం నిండితే హక్కులు వస్తాయి; నిండకపోతే ఎవరి సొమ్ము వారికి తిరిగి పోతుంది, పాత రీళ్లు గోదాముకు పోతాయి.

"అమ్మాయ్, ఇదే ఆఖరు," అన్నది సంస్థ యజమానురాలు. "ఇది గానీ నిండలేదంటే, రేపట్నించి హాయిగా రోబోలు అమ్ముకుందాం."

గడువు ముగిసే రోజున ఒక పెద్ద హాలులో యానిమే అభిమానుల మేళా జరిగింది. సాయంత్రం హాలు మూసేలోగా ఏదో ఒకటి తేలిపోవాలి. సంస్థవారు ఒక బల్ల వేసి, లక్ష్యాన్ని చూపే తెర పెట్టారు. ఆ తెరపై నీలం గీత ముప్పాతిక వరకు ప్రాకి, అక్కడ అలసిపోయినట్టు ఆగింది. బల్ల వెనుక అతిథిగా, ఆ ధారావాహికలోని వాననంతా స్వహస్తాలతో గీసిన వృద్ధ చిత్రకారిణి తన దుబాసీతో సహా ఆసీనురాలైంది. చందా కట్టినవారికి చిన్న కాగితంపై వాన గీసి ఇవ్వడానికి ఆమె అంత దూరం నుండి వచ్చింది. కుంచెలు తడిపి సిద్ధంగా పెట్టుకున్నది. ఎవరూ రాలేదు. పక్క బల్ల రోబోలది. అక్కడి క్యూ హాలు గోడ వెంట తిరిగి గుమ్మం దాకా పోయింది.

సహాయానికి వచ్చిన మావయ్య బల్ల ముందు నిలబడ్డారు. అట్టపెట్టెలతో రోబో వేషం కట్టిన యువకుడొకడు దారితప్పి అటు వచ్చాడు.

"ఇందులో ఫైట్లున్నాయా అంకుల్?"

"లేవు నాయనా."

"పోనీ లవ్వు?"

"ఒక భాగంలో ఉన్నట్టనిపిస్తుంది. అదీ గొడుగుకి."

"మరేం జరుగుతుంది?"

"ఏమీ జరగదు. చాలా బాగుంటుంది."

రోబో వచ్చిన దారినే వెళ్లిపోయింది.

"మావయ్యా! చందాలు వసూలు చేస్తున్నావా, జనాన్ని తరుముతున్నావా?"

"ఉన్నమాట చెప్పాలి కదమ్మాయ్."

"నీకు దణ్ణం పెడతాను. వెళ్లి టీ తాగి రా. నింపాదిగా తాగు."

ఆయనను సాగనంపి, మైకులో తమ బల్ల గురించి ఒక్క మాట చెప్పించమని వేడుకోవడానికి మేనకోడలు నిర్వాహకుల వద్దకు వెళ్లింది. అక్కడ చాలాసేపు నిలబడి, మైకు పాడైందన్న సమాచారంతో తిరిగి వచ్చింది. వచ్చి, తన కళ్లను తానే నమ్మలేకపోయింది. బల్ల ముందు, నేలపై అంటించిన గీత దగ్గర, వంతు కోసం వేచి ఉన్నవాని వినయంతో మావయ్య నిలబడి ఉన్నారు. తలపై ఎవరిదో టోపీ ఉంది.

"ఏం చేస్తున్నావు మావయ్యా?"

"క్యూలో ఉన్నాను. కదపకు, వెనకవాళ్లు ఒప్పుకోరు."

"నీ వెనక ఎవరున్నారు?"

"వస్తారు."

చిత్రకారిణి నోటికి చేయి అడ్డం పెట్టుకొని ఏదో అన్నది. దుబాసీ గొంతు సవరించుకున్నాడు.

"ఇందాక టోపీ లేకుండా వచ్చినాయన కంటే ఈయన మర్యాదస్తుడిలా ఉన్నాడంటున్నారండీ. అంతకుముందు కళ్లద్దాలతో వచ్చినాయన మరీ తొందరమనిషట."

మావయ్య చలించలేదు. "ఈసారి, పక్క వీధిలో పడి మన వీధిలో పడని వాన కావాలని చెప్పండి," అన్నారు. చిత్రకారిణి కళ్లు మెరిశాయి. కుంచె నాలుగు విదిలింపుల్లో ఆ వాన కాగితంపై పడింది. తడి ఆరాలన్న నెపంతో మావయ్య ఆ కాగితాన్ని రెండు వేళ్లతో ఎత్తి పట్టుకొని, ఊరేగింపుగా రోబోల క్యూ పొడవునా నడిచారు. నిలబడి కాళ్లు పీకుతున్నవారు మెడలు సాచి చూశారు.

"అబ్బ, ఎంత బాగుందో! ఎక్కడ గీస్తున్నారండీ?" అని ఒక తల్లి అడిగింది.

"అదిగో, ఆ బల్ల దగ్గర."

"క్యూ ఎంతుంది?"

"నేను ఇక్కడ ఉన్నాను కాబట్టి ప్రస్తుతం లేదమ్మా."

ఆమె నవ్వుతూ పిల్లలతో సహా వచ్చింది. పిల్లవాడు పిల్లి మీద పడే వాన అడిగాడు. ఆ పిల్లి వాన చూసి మరికొందరు వచ్చారు. రోబో యువకుడు తల ఊడదీసి చంకలో పెట్టుకొని మరీ నిలబడ్డాడు. చందాలు కట్టేవారికి మేనకోడలు సమాధానం చెప్పలేక సతమతమైంది. నీలం గీతకు ప్రాణం వచ్చింది, ప్రాకింది, హాలు మూసే గంట మోగడానికి కాస్త ముందు తెర అంచును తాకింది. యజమానురాలు కుర్చీ ఎక్కి కేక వేసింది. అందరూ చప్పట్లు కొట్టారు.

"టోపీ ఆయన ఏరి అని అడుగుతున్నారు," అన్నాడు దుబాసీ.

మావయ్య లేరు. జనం పెరిగారు గనుక యథాప్రకారం నిష్క్రమించి ఉంటారని మేనకోడలు ఒళ్లు మండిపోతూ వెతకనారంభించింది. హాలు చిట్టచివర, స్తంభం చాటున, పేజీలు గబగబ తిప్పితే బొమ్మలు కదిలే చిన్న పుస్తకాలను చేత్తో చేసి అమ్మే పెద్దమనిషి ఒకరు సామాను సర్దుకుంటూ ఆగి ఉన్నారు. ఆయన ఎదుట మావయ్య ఒక పుస్తకం తిప్పి, మళ్లీ మొదటినుంచి తిప్పి, "ఈ కుందేలు దూకేముందు కాస్త ఆలోచిస్తుంది చూశారా, అదీ అసలు సంగతి!" అంటున్నారు. పెద్దమనిషి సర్దిన సామాను మళ్లీ విప్పుతున్నారు.

మేనకోడలి కోపం ఎక్కడికో పోయింది. ఆమె మెల్లగా వెళ్లి మావయ్య వెనుక నిలబడింది. వెన్నంటి వచ్చిన చిత్రకారిణి ఆమె వెనుక నిలబడింది. దుబాసీ అందరికంటే వెనుక నిలబడ్డాడు.

మావయ్య తిరిగి చూసి కంగారుపడ్డారు. "అమ్మాయ్, ఇక్కడ క్యూ అయిపోయింది. నేనిక వెళ్తాను."

మేనకోడలు ఆయన చొక్కా అంచు దొరకబుచ్చుకుంది. "కదిలావంటే అమ్మతో చెప్పేస్తాను."

"ఏమని?"

"నువ్వు జనాన్ని చూసి పారిపోయే మనిషివి కావని."

మావయ్య ముఖం పాలిపోయింది. గొంతు తగ్గించారు. "వద్దే తల్లీ! అక్కకి తెలిస్తే లోకమంతా తెలుస్తుంది. ఆ తర్వాత నేను ఏ దుకాణంలో అడుగుపెట్టినా, జాలిపడి వచ్చాననుకుంటారు."

"అయితే కదలకుండా నిలబడు."

"నిలబడ్డాను."

వెనుకనుంచి దుబాసీ మెడ ముందుకు సాచాడు. "కాస్త పక్కకు జరగమంటున్నారండీ. కుందేలు కనబడటం లేదట."