బీరువాలో బావ

మా బావ నోరు విప్పితే చాలు, ఎదుటివాళ్ళు "అయ్యో, ఎవరు పోయారండీ?" అని అడుగుతారు. ఆయన అడిగింది మాత్రం "టైమెంతయింది?" అనే. ఆ గొంతు అలాంటిది. ప్రతి మాటా బరువుగా బయల్దేరి, మధ్యలో తడబడి, చివరి అక్షరం దగ్గరికి వచ్చేసరికి నీరుగారిపోతుంది. శుభవార్త చెప్పినా పరామర్శకి వచ్చినట్టే ఉంటుంది.

మా అక్కకి కాన్పయిన రోజు ఆస్పత్రి నుంచి ఫోన్ చేశాడు. "కాన్పయింది అత్తయ్యా... ఇద్దరూ..." అని ఊపిరి తీసుకోవడానికి ఆగాడు. మా అమ్మ అక్కడే కుప్పకూలిపోయింది. "...బాగానే ఉన్నారు" అన్న ముక్క వినడానికి ఆవిడకి స్పృహ లేదు. మొహాన నీళ్ళు కొట్టి లేపి ఫోన్ మళ్ళీ చేతికిస్తే, బావ "పాప చాలా బాగుంది అత్తయ్యా..." అన్నాడు. ఆవిడ మళ్ళీ పడిపోయింది.

ఆయన పనిచేసిన ప్రింటింగు ప్రెస్సులో మిషన్ల రొద వల్ల ఈ గొంతు ఎవరికీ వినబడేది కాదు. అందుకే అక్కడ అన్నేళ్ళు నెగ్గుకొచ్చాడు. ఆ ప్రెస్సు కాస్తా మూతబడింది. అక్క ఆస్పత్రి ల్యాబులో పనికి పొద్దున్నే వెళ్ళి చీకటి పడ్డాక వచ్చేది. బావ ఇంట్లో ఉండి వంట, ఇల్లు, పాపని చూసుకునేవాడు. మేడ మీద రెండు గదులు. వానాకాలమంతా గోడలు చెమ్మగిల్లి, తాళ్ళ మీద ఆరని బట్టలు వేలాడుతూ, పట్టపగలే దీపం వేసుకోవాల్సిన ఇల్లు. ఆ చీకట్లోంచి ఆ గొంతుతో "రా... కూర్చో..." అంటే, వచ్చినవాడికి చెప్పులు విడవాలంటేనే భయం వేసేది.

అక్క జీతం నెల మధ్యలోనే చతికిలబడేది. వేరే ఊళ్ళో ఒక గోడౌనువాళ్ళు బావని రమ్మన్నారు. అట్టపెట్టెలకి కాపలా, అక్కడే మకాం, నెలకోసారి ఇంటికి రావడం. పాపకి అప్పటికింకా బడి వయసు రాలేదు. నాన్న చేత్తో పెడితే తప్ప ముద్ద మింగేది కాదు. "ఇంటి పట్టునే ఉండి నాలుగు రాళ్ళు సంపాదించే దారి దొరికిందా సరే సరి, లేదంటే నెల తిరిగేసరికి గోడౌనే" అని అక్క తేల్చేసింది. ఆ మాట అనేటప్పుడు అటు తిరిగి గిన్నెలు తోముతోంది. మొహం చూపించలేదు.

మొదట ట్యూషన్లు పెట్టాడు. "రెండు రెళ్ళు... నాలుగు..." అని బావ ఎక్కం చెబుతుంటే పిల్లలకి కళ్ళు చెమర్చేవి. ఒక బుడతడు ఇంటికెళ్ళి, "అమ్మా, నాలుక్కి ఏమైంది?" అని వెక్కివెక్కి ఏడ్చాడట. మర్నాటి నుంచి బడి బంద్.

తర్వాత ఫోన్లో సబ్బులు అమ్మాడు. "అమ్మా... సబ్బులున్నాయమ్మా..." అనగానే అవతలి ఆడవాళ్ళు కరిగిపోయేవారు. "బాధపడకు నాయనా, అన్నీ సర్దుకుంటాయి" అని ధైర్యం చెప్పి పెట్టేసేవారు. ఒకావిడ చాలాసేపు ఓదార్చి, "మనసు బాగోకపోతే రేపు కూడా చెయ్యి" అంది. సబ్బు మాత్రం ఒక్కరూ కొనలేదు. ఆ సబ్బులతో మేం మూడు కుటుంబాల వాళ్ళం చాలాకాలం స్నానాలు చేశాం.

అప్పుడు నాకో ఉపాయం తట్టింది. నా స్నేహితుడికి రికార్డింగు స్టూడియో ఉంది. లిఫ్టుల్లో, ఫోన్లలో వినబడే మాటలు ఇంటి దగ్గరే చదివించి తెప్పించుకుంటాడు. బావ గొంతు విని, "గంభీరంగా ఉంది, పనికొస్తుంది" అని ఒక మైకు ఇచ్చాడు.

ఇంట్లో రికార్డింగంటే నిశ్శబ్దం కావాలి. వాన చప్పుడు, పక్కింటి కుక్కరు కూత. చివరికి బట్టల బీరువా ఒక్కటే పనికొచ్చింది. బావ అక్క బట్టల మధ్య మోకాళ్ళు ముడుచుకుని కూర్చుని, మైకు ఒళ్ళో పెట్టుకుని తలుపు వేసుకునేవాడు. పాప బయట తలుపుకి ఆనుకుని కాపలా. ఎవరైనా వస్తే, "నాన్న బీరువాలో ఉన్నాడు, మాట్లాడకూడదు" అని గుసగుసగా చెప్పేది. కరెంటు మీటరు చూడ్డానికి వచ్చినాయన ఆ మాట విని, లోపల్నుంచి వస్తున్న మూలుగూ విని, మీటరు చూడకుండానే మెట్లు దిగిపోయాడు.

మొదటి పని ఒక పెద్ద భవనం లిఫ్టుకి. "తలుపులు... మూసుకుంటున్నాయి..." అని బావ అన్న తీరుకి లోపలున్నవాళ్ళంతా బయటికి దూకేశారు. "మూడో అంతస్తు..." అంటే మూడో అంతస్తులో ఏదో ఘోరం జరిగిందనుకుని రెండులోనే దిగిపోయేవారు. భవనం మొత్తం మెట్లు ఎక్కడం అలవాటు చేసుకున్నాక, ఆ రికార్డింగు తీసేశారు.

"మాస్టారూ, కాస్త హుషారు కావాలి" అన్నాడు స్టూడియోవాడు. "ఇదే ఆఖరి అవకాశం. బిస్కెట్ల కంపెనీ ఉద్యోగాలు ఇస్తోంది. దరఖాస్తు పెట్టినవాళ్ళు ఫోన్ చేసి నంబరు నొక్కితే ఫలితం వినబడాలి. ఎంపికైనవాళ్ళకి ఒక మాట, కానివాళ్ళకి ఒక మాట. రెండూ నవ్వుతూ చెప్పాలి, అది కంపెనీ పద్ధతట. నచ్చితే ఇక వాళ్ళ పనంతా మీదే."

గోడౌనువాళ్ళు సోమవారం రమ్మన్నారు. నేను శిక్షణ మొదలుపెట్టాను.

"నవ్వుతూ చెప్పు బావా."

"నవ్వుతూనే ఉన్నానురా..." అని బీరువాలోంచి జవాబు.

తలుపు తీసి చూస్తే నిజమే. పళ్ళన్నీ బయటపెట్టి నవ్వుతున్నాడు. గొంతు మాత్రం శ్మశానంలోనే ఉంది. పట్టు వదలకుండా సాధన చేయించాను. ఆ రోజు మధ్యాహ్నం ఎలా కుదిరిందో గానీ, "అభినందనలు! మీరు ఎంపికయ్యారు!" అని బీరువా గణగణా మోగింది. పాప ఎగిరి చప్పట్లు కొట్టింది. నాకు వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయి.

"అదీ! ఇప్పుడు రెండోది. అదే ఊపుతో!"

బీరువా తలుపు తెరుచుకుంది. బావ బయటికి వచ్చి మంచం అంచున కూర్చున్నాడు.

"దీన్ని అలా చెప్పలేనురా..."

"ఎందుకని?"

"మా ప్రెస్సు మూసేసినప్పుడు నాకు ఫోన్లోనే చెప్పారు. రికార్డింగే. ఎవరో అమ్మాయి... 'నమస్కారం! ఇక మీ సేవలు అవసరం లేదు! ఈ రోజు మీకు శుభప్రదం కావాలి!' అంది. ఆ అమ్మాయిదేం తప్పులే... రాసిచ్చింది చదివింది. ఉద్యోగం పోయినందుకు కాదురా, ఆ హుషారుకే నాకు ఏడుపొచ్చింది..."

నేనూ వెళ్ళి ఆయన పక్కన కూర్చున్నాను. కానీ సోమవారం గుర్తొచ్చింది. "బావా, అదంతా తర్వాత. పాప మొహం చూసి చదివెయ్" అన్నాను. ఆయన పాప మొహం చూశాడు. లోపలికి వెళ్ళి తలుపు వేసుకున్నాడు. నేను ఇంటికి వెళ్ళిపోయాక, రాత్రికి ఆయనే రికార్డింగు పంపేశాడు.

ఫలితాలు వచ్చిన రోజు స్టూడియోవాడు పరుగెత్తుకొచ్చాడు. "కొంప ముంచాడు మీ బావ, విను" అని ఫోన్ నా చెవికి ఆనించాడు.

"ఈసారి... మీరు ఎంపిక కాలేదు... మళ్ళీ ప్రయత్నించండి..." తర్వాత చిన్న నిట్టూర్పు. ఆ తర్వాత, తనలో తను అనుకున్నట్టు, "పాపం."

కంపెనీ మేనేజరు ఇంతెత్తున లేచాడట. "ఈ పాపం ఎవరిది?" అని గర్జించాడట.

"ఇంట్లో రికార్డింగు కదా సార్, వాళ్ళ పాపని పిలిచుంటాడు" అని మావాడు సర్ది చెప్పబోయాడు.

"పాపని పిలిస్తే పాపా అంటారు! పాపం అంటారా?"

"పిలుస్తూ పిలుస్తూ నోరు మూసుకున్నాడేమో సార్, చివర 'మ్' పడిపోయింది."

మేనేజరు మావాణ్ణి గది బయటికి గెంటించాడు. పని పోయింది. బావ పెట్టె సర్దుకోవడం మొదలుపెట్టాడు. ఆయన పెట్టిన చొక్కా పెట్టినట్టే పాప బయటికి లాగేస్తోంది. చొక్కాలు అయిపోయాక తనే పెట్టెలోకి ఎక్కి పడుకుంది. అక్క పనిలోంచి వచ్చి ఆ దృశ్యం చూసి, తడిసిన గొడుగు కూడా మడవకుండా గుమ్మంలోనే నిలబడిపోయింది. ఆ ఆదివారం ఆ ఇంట్లో ఎవరూ ఎవరితోనూ మాట్లాడలేదు. బావ గొంతే నయం అనిపించింది నాకు.

సోమవారం తెల్లారుతూనే మేనేజరే స్టూడియోకి ఫోన్ చేశాడు. ఏటా ఫలితాలు రాగానే ఉద్యోగం రానివాళ్ళు గేటు దగ్గర చేరి తిట్టిపోసేవాళ్ళట. ఈసారి ఒక్కరూ రాలేదు. అంతా ఇళ్ళల్లో కూర్చుని మళ్ళీ మళ్ళీ ఫోన్ చేసి అదే వింటున్నారట. ఒకాయన ఆపరేటరుని, "అమ్మా, ఆ చివరి ముక్క ఇంకోసారి వేస్తారా? మా ఇంట్లో ఎవరూ అనలేదు ఆ మాట" అని అడిగాడట. ఎంపికైన కుర్రాడొకడు, "మా అన్నయ్యకి పాపం అన్నారు, నాకెందుకు అనలేదు?" అని తగువేసుకున్నాడట. ఇకమీదట కంపెనీ చెప్పాల్సిన చెడు కబుర్లన్నీ బావే చెప్పాలి, ఆ పాపం మాత్రం తీయకూడదు అని మేనేజరు హుకుం.

చెడు కబుర్లకేం కొదవ? ఆ రోజు నుంచి బావ బీరువాకి తీరికే లేదు. గోడౌనుకి వేరే మనిషిని చూసుకోమని కబురు పెట్టాం.

ఆ సాయంత్రం ఊరుకోలేక అడిగాను. "నిజం చెప్పు బావా. మైకు ఆగిపోయిందనుకుని అన్నావు కదూ?"

"లేదురా... ఎర్ర లైటు వెలుగుతూనే ఉంది..."

"తెలిసే అన్నావా? గోడౌనుకి పోవాల్సొస్తుందని తెలిసి కూడా?"

"తెలుసు. అందుకే రెండుసార్లు అన్నాను. మొదటిది వాళ్ళకి... రెండోది నాకు. తర్వాత విని చూసుకుంటే రెండోది అన్యాయమనిపించింది. నాకు గోడౌనైనా ఉంది కదరా... వాళ్ళకి అదీ లేదు. అందుకని నాది చెరిపేసి పంపాను..."

వంటింట్లోంచి అక్క గరిటె పట్టుకుని వచ్చింది. కళ్ళు తుడుచుకుని నడుం మీద చెయ్యి వేసుకుంది.

"ఊళ్ళోవాళ్ళందరికీ పంచావు, బానే ఉంది. ఇలాంటి మనిషితో కాపురం చేస్తున్నదాన్ని, నాకేదీ?"

బావ ఆవిడ వంక కాసేపు చూశాడు. లేచి బీరువాలోకి ఎక్కి, బట్టలు సర్దుకుని తలుపు వేసుకున్నాడు. పాప వేలు పెదాల మీద పెట్టుకుని మా ఇద్దరినీ "ష్" అంది. లోపల్నుంచి, ఎన్నడూ లేనంత బరువుగా, ఆ మాట వినబడింది.