నాలుగున్నర లోపు

జూన్ పద్నాలుగు. తెల్లారేసరికే ఉక్క. మబ్బు పట్టింది గానీ చినుకు లేదు. మేడ మీద నీళ్ళ ట్యాంకు కడిగాను.

ఆ రోజు నా డైరీలో ఇంతే ఉంది. ట్యాంకు మూత పెడుతుంటే కింద ఫోను మోగింది. టైపు ఇన్‌స్టిట్యూట్ మేష్టారు తెల్లవారుజామున పోయారని చెప్పారు. తేదీ, వాతావరణం, చేసిన పని ఇరవై ఏళ్ళుగా రోజూ రాసుకుంటున్నాను గానీ, ఆ వార్త మాత్రం రాయలేకపోయాను. అందుకే మీ పత్రికకు రాస్తున్నాను.

మాది కొవ్వూరు. నేను పదో తరగతితో చదువు ఆపేసి రైస్ మిల్లులో కాటా దగ్గర పనికి కుదిరాను. టైపు నేర్చుకుందామని సాయంత్రాలు మేష్టారి దగ్గరికి వెళ్ళేవాణ్ణి. ఎవరైనా మీటల మీది అక్షరాల వైపు చూస్తే ఆయన స్కేలుతో బల్ల మీద ఒక్కటి తట్టేవారు. మనిషిని ఎప్పుడూ కొట్టలేదు. టైపు నేర్చుకునేవాళ్ళు తగ్గిపోయాక సగం మిషన్లు తీసేసి మూడు కంప్యూటర్లు, ఒక ఇంటర్నెట్ కనెక్షను పెట్టారు. మిషన్లకు కప్పే ఖాకీ గుడ్డ తొడుగులే వాటికీ కుట్టించారు. రాత్రి తొమ్మిది కాగానే అన్నిటికీ తొడుగులు వేసి, తాళం వేసేవారు.

రాజమండ్రిలో కొన్న ఒక పాత పుస్తకం చూసి, ఆ కంప్యూటర్ల మీదే నేను ప్రోగ్రాములు రాయడం నేర్చుకున్నాను. చిన్న చిన్న ఆటలు కట్టేవాణ్ణి. నాలుగేళ్ళలో మూడు కట్టి, ఒక్కటీ ఎవరికీ చూపించలేదు. ఇంకా కాస్త సరిచేయాలి అనిపించేది. మేష్టారు అడిగినప్పుడల్లా, “అవ్వలేదండి” అనేవాణ్ణి.

ఐదేళ్ళ కిందట మే నెలలో ఇంటర్నెట్‌లో గేమ్ జామ్ అనే దాని గురించి చదివాను. శుక్రవారం సాయంత్రం ఒక అంశం ప్రకటిస్తారు. నలభై ఎనిమిది గంటల్లో దాని మీద ఒక ఆట కట్టి పంపాలి. బహుమతి ఏమీ లేదు. పాల్గొన్నవాళ్ళే ఒకరి ఆట ఒకరు ఆడి నాలుగు మాటలు రాస్తారు. మన లెక్కలో ఆదివారం సాయంత్రం అయిదున్నరకి గడువు. నా పేరు ఇచ్చాను. ఇది కూడా పంపకపోతే ఇక ఏదీ పంపనని నాకు తెలుసు. మేష్టారికి కూడా తెలుసనుకుంటాను. ఆ రెండు రోజులూ కిటికీ పక్క కంప్యూటరు ఇంకెవరికీ ఇవ్వలేదు.

ఒకే ఒక మీటతో ఆడే ఆట కట్టాలన్నది అంశం. నేను గోదావరి దాటే పడవను తీసుకున్నాను. మీట నొక్కితే తెడ్డు పడుతుంది, వదిలితే పడవ ప్రవాహంతో పోతుంది. వరదలో కొట్టుకొచ్చే దుంగలను తప్పించుకుని అవతలి రేవుకి చేరాలి. శనివారమంతా వోల్టేజి పడిపోతూనే ఉంది. ఫాను మాటిమాటికీ నెమ్మదించేది. చేసింది పోతుందేమోనని పది నిమిషాలకోసారి ఫ్లాపీలోకి ఎక్కించుకున్నాను. దుంగలు కుదిరేసరికి ఆదివారం మధ్యాహ్నమైంది.

మూడున్నరకి అసలు తప్పు కనిపించింది. పడవ రేవు దగ్గర ఆగడం లేదు. మెట్లలోంచి, ఒడ్డులోంచి అలాగే సాగిపోతోంది. ఎక్కడ వెతికినా కారణం దొరకలేదు.

మేష్టారు నా వెనక వచ్చి నిలబడ్డారు.

“ఏంటయ్యా, ఎంతవరకు వచ్చింది?”

“పడవ ఆగట్లేదండి. అయిదున్నర దాకా టైముందండి, చూస్తాను.”

“నాలుగున్నరకి రాహుకాలం. ఆ తర్వాత నా లైను మీంచి ఏదీ పంపనివ్వను.”

“తప్పుతో ఎలా పంపనండీ?”

“తప్పుకి మార్కులు కోస్తారు. ఇవ్వని కాగితానికి కోయడానికి కూడా ఏం ఉండదు.”

లైను ఆయనది. ఎదురు చెప్పడం నాకు రాదు. నాలుగూ పదికి పంపడం మొదలుపెట్టాను. ఫోను లైను మీద వెళ్ళాలి కాబట్టి పన్నెండు నిమిషాలు పడుతుందని తెర మీద చూపించింది. పక్కనే ఆనుకుని మేష్టారి ఇల్లు, ఆ లైనుకే ఇంటి వసారాలో ఇంకో ఫోను ఉంది. ఎవరైనా రిసీవరు ఎత్తితే చాలు, కనెక్షను తెగుతుంది, మళ్ళీ మొదటికొస్తుంది. తలుపు తీసి ఉండటంతో వసారాలో మేష్టారు నాకు కనిపిస్తున్నారు. ఫోను పక్కన స్టూలు వేసుకుని, రిసీవరు మీద అరచెయ్యి ఆనించి కూర్చున్నారు. అమ్మగారు, అంటే మేష్టారి భార్య, రాజమండ్రిలో ఉన్న చెల్లెలికి ఫోను చేసుకుంటానని వచ్చారు. ఆయన చెయ్యి తీయకుండా తల అడ్డంగా ఊపారు. ఆవిడ వాకిట్లోకి వెళ్ళిపోయారు.

నాలుగూ ఇరవై రెండుకి వెళ్ళిపోయింది.

ఆ తర్వాత కూడా కరెంటు పోలేదు. లైను తెగలేదు. నేను అయిదున్నర దాకా గడియారాన్ని చూస్తూ కూర్చున్నాను. అయిదుంబావుకి తప్పు దొరికింది కూడా. ప్రోగ్రాములో ఒక్క వరస మారిస్తే సరిపోయేది. మేష్టారితో మాట్లాడకుండా లేచి వచ్చేశాను. వారం రోజులు అటు వెళ్ళలేదు. తిరిగి వెళ్ళిన రోజు ఆయన కంప్యూటరు తొడుగు తీసి, కుర్చీ జరిపి, “వచ్చాయి, చూసుకో” అన్నారు. పదకొండుమంది రాశారు. పడవ ఆగలేదని ఏడుగురు తప్పు పట్టారు. ఎవరో ఒకాయన మాత్రం, అది ఎక్కడికి పోతుందో చూద్దామని చాలాసేపు కూర్చున్నానని రాశారు. మేష్టారు ఆ వాక్యం నాచేత రెండుసార్లు చదివించుకున్నారు. తర్వాత ఇంకో నాలుగు గేమ్ జాముల్లో పాల్గొన్నాను. ఆదివారం గడువు పడిన ప్రతిసారీ నాలుగున్నర లోపే పంపేశాను.

మేష్టారు పోయిన పదకొండో రోజున, వాళ్ళింట్లో భోజనాలయ్యాక అమ్మగారికి ఈ సంగతి చెప్పాను. మేష్టారు రాహుకాలం పట్టింపుతో ఆ రోజు తొందరపెట్టారని అన్నాను. ఆవిడ నా వంక విచిత్రంగా చూశారు.

“ఆయనకి రాహుకాలం ఏంటి బాబూ? మా స్కూటరు కొని ఇంటికి తెచ్చిందే ఆదివారం సాయంత్రం అయిదింటికి. వద్దని మొత్తుకున్నా వినలేదు.”

ఆవిడే మళ్ళీ చెప్పారు.

“నీ గురించి ఒక మాట అనేవారు. టైపు పరీక్షలో గంట కొట్టినా కాగితం వదలని వాళ్ళు కొందరుంటారంట. మిషన్లోంచి మనమే లాగెయ్యాలి, వాడంతట వాడు ఇవ్వడు అనేవారు.”

వసారాలో ఆ ఫోను, దాని పక్కన స్టూలు అలాగే ఉన్నాయి. ఆ రోజు పన్నెండు నిమిషాలూ ఆయన చెయ్యి కదలలేదు. అప్పుడు నేను తెరను చూసినంత సేపు ఆయన ముఖం చూడలేదు.

ఈ పేజీలు నాలుగు రోజులుగా దిద్దుతున్నాను. వసారా సంగతి సరిగ్గా రాలేదు. ఆయన నడక గురించి అసలు రాయనే లేదు.

జూన్ ఇరవై తొమ్మిది, ఆదివారం. పొద్దున ఒక జల్లు పడి తెరిపిచ్చింది. ట్యాంకు మూతకి కొత్త తాడు కట్టాను. నాలుగూ పదైంది. పోస్టు డబ్బా వీధి చివరే. కవరు అంటించి నాలుగున్నర లోపు వేసేస్తాను.