కొమ్మ కట్టుకుని దిగిన కొండ

ఉక్కు ఫ్యాక్టరీ ఇంకా పునాదుల్లోనే ఉన్న ఆ రోజుల్లో, కంచరపాలెంలో కుర్రాడెవడైనా ఎదురుపడితే జనం బాగున్నావా అని అడిగేవారు కాదు. "ఏటి, కాల్ లెటరొచ్చిందేటి?" అని అడిగేవారు. పాలాయన అడిగేవాడు, చర్చి నుంచి వస్తూ పక్కింటి టీచరమ్మ గారు అడిగేవారు, రైలు గేటు పడితే అవతల నిలబడ్డ ముక్కూమొహం తెలియని మనిషి కూడా అడిగేవాడు. రాలేదని చెప్పడం నాకు ఎంత అలవాటైపోయిందంటే, ఒకసారి బియ్యం కొట్టాయన "సంచీ తెచ్చేవా?" అంటే "ఇంకా రాలేదండీ" అన్నాను. అప్పట్లో ఒళ్లు మండేది గానీ, ఇప్పుడు తలుచుకుంటే వాళ్లందరి మీదా ప్రేమే కలుగుతుంది. నాకు ఉద్యోగం రావాలని నాకంటే వాళ్లకే ఎక్కువ తొందరగా ఉండేది.

తొందర నిజంగా ఉండాల్సింది మా ఇంట్లోనే. మా నాన్న పోర్టులో బస్తాలు మోసేవాడు. నడుం పట్టేసి, పొద్దున్న మంచం మీంచి లేవాలంటే అమ్మ చెయ్యి అందించాల్సి వచ్చేది. ఇక బరువులెత్తితే మంచానికే అతుక్కుపోతావని డాక్టరు గారు కేకలేశారు. నాన్న ఆయన ముందు బుద్ధిగా తలూపి, బయటికొచ్చాక నాతో "నీకు పని దొరికిన్నాడు మానెత్తాన్లేరా" అన్నాడు. సరిగ్గా అప్పుడే, వన్ టౌన్ వైపు ఉన్న ఒక పెద్ద ఆఫీసు వాళ్లు సైకిలు పందేలకి జట్టు కడుతున్నారని తెలిసింది. బీచ్ రోడ్డు మీద భీమిలి వెళ్లి రావాలి. ముందొచ్చిన ఆరుగురికి జట్టులో చోటు, దాంతోపాటే ఉద్యోగం. చదువులో నేనెప్పుడూ మొదటి ముప్పైమందిలో లేను గానీ సైకిలు మాత్రం తొక్కగలను.

నాకు గురువు మా అక్క మొగుడు. సైకిలు షాపులో పని చేసేవాడు. పెళ్లికెళ్లినా లుంగీ మొలలో స్పానరు ఉండాల్సిందే కాబట్టి ఊరంతా ఆయన్ని స్పానరు బావ అనేది. "భీమిలి రోడ్డేటిరా, పిల్లలాట! ముందు కొండెక్కు, తరవాత ఏ రోడ్డయినా నీకు సాపలాగుంటాది" అని తేల్చేశాడు. పెందుర్తి కుర్రాళ్ల సంఘమొకటి కొండ మీదున్న అనంతగిరి దాకా సైకిలు యాత్ర పెడుతోందని కబురు తెచ్చి, నా పేరు కూడా ఆయనే ఇచ్చేశాడు. ఇంట్లో ఉన్న సైకిలు నాన్నది. బరువు తగ్గిస్తేగానీ కొండెక్కదని బావ దాన్ని విప్పడం మొదలుపెట్టాడు. స్టాండు పోయింది, క్యారియరు పోయింది, మడ్‌గార్డులు, చైన్ కవరు, బెల్లు, ఆఖరికి వెనక బ్రేకు కడ్డీలు కూడా పోయాయి. "బ్రేకెందుకు బావా తీసేత్తన్నావు?" అని నేను కొంచెం నసిగాను. "నువ్వు ఆగడానికెల్తన్నావా, ఎక్కడానికెల్తన్నావా?" అన్నాడు. (సముద్రం ఒడ్డున పుట్టి పెరిగినవాళ్లం. కొండంటే ఎక్కేదని మాత్రమే మాకు తెలుసు. ఎక్కినవాడు మళ్లీ దిగాలన్న సంగతి మా ఇద్దరి బుర్రల్లోనూ తట్టలేదు.) విప్పిన సామానంతా గోనెసంచీలో వేస్తుంటే నాన్న అరుగు మీంచి చూసి, "ఆ గోనిలో ఉన్నదే నా సైకిలు. మీరు తొక్కీది ఏటో నాకు తెల్దు" అన్నాడు. అన్నాడేగానీ వద్దనలేదు. ఆ పూట నుంచి పోర్టుకి నడిచే వెళ్లాడు.

ఎక్కడం గురించి గొప్పలు చెప్పుకోను. బొడ్డవర దాటాక రోడ్డు పైకి లేచింది, నా ప్రాణం కూడా దాంతోపాటే లేచింది. ఒక్కో మలుపు తిరగ్గానే ఇదే ఆఖరిదనుకునేవాణ్ణి. పైనుంచి దిగుతున్న లారీ డ్రైవర్లు జాలిగా చూసి హారన్ కొట్టేవారు. మిగతా కుర్రాళ్లు ముందుకెళ్లిపోయారు. మధ్యాహ్నానికి కాళ్లీడ్చుకుంటూ అనంతగిరి చేరి, సంఘం వాళ్లు మిగిల్చిన చల్లారిన ఉప్మా తిన్నాను. అంత రుచిగల ఉప్మా మళ్లీ తినలేదు. నేను చెయ్యి కడుక్కునేసరికి మిగతావాళ్లంతా దిగిపోయారు. సైకిలెక్కి, వచ్చిన దారి వైపు తిరిగి చూశాను. అప్పుడు గుర్తొచ్చాయి, గోనెసంచీలో ఉండిపోయిన బ్రేకు కడ్డీలు.

ఉన్న ఒక్క ముందు బ్రేకుకీ రబ్బరు ముక్కలు ఎప్పుడో అరిగిపోయాయి. మొదటి మలుపులో అవి కాలిన వాసన వచ్చింది, రెండో మలుపులో ఊడి ఎగిరిపోయాయి. చెప్పు కాలు టైరుకి ఆనిస్తే చెప్పు పోయింది. మూడో మలుపులో ఇక గత్యంతరం లేక సైకిలుతో సహా కాఫీ మొక్కల్లోకి దూరిపోయాను. దెబ్బలు పెద్దగా తగల్లేదు గానీ సైకిలు పక్కనే కూలబడిపోయాను. అప్పుడే కొండచీపుళ్ల మూట నెత్తిన పెట్టుకుని, కింద సంతకి వెళ్తున్న ఒక ముసలమ్మ ఆగింది.

"బెరేకు నేదా బాబూ?"

"మా బావ తీసేశాడు."

"నీకూ ఆడికీ ఏటైనా తగువా?" అంది చాలా సీరియస్‌గా.

లేదు, నా మంచికే తీశాడని చెబితే ఆమె నవ్విన నవ్వుకి కొండ మారుమోగింది. నవ్వడం అయ్యాక మూట దించి, మొలలోని కత్తి తీసి, గుబురుగా ఉన్న కొమ్మ ఒకటి నరికి, అడవి తీగతో నా సీటు కింద గట్టిగా కట్టింది. వాళ్ల అల్లుడు సైకిలు మీద కట్టెలు దించేది అలాగేనట. "నీ పేనం నా కొమ్మ మీదెట్టు, నా మూట నీ బండి మీదెట్టు" అని చీపుళ్ల మూట హ్యాండిలుకి తగిలించింది. కొమ్మ రోడ్డును రాసుకుంటూ సైకిలును వెనక్కి లాగుతుంటే, ఎద్దుబండి నడకలో దిగడం మొదలుపెట్టాను. ఆమె అడ్డదారిన దిగిపోయి ప్రతి మలుపులోనూ నాకంటే ముందే నిలబడి ఉండేది. "వచ్చీవా?" అనేది. "వచ్చేనమ్మా" అనేవాణ్ణి. అలా ఎన్ని మలుపులు దిగామో లెక్క తెలీదు గానీ, ఆమె ఎదురుపడిన నాలుగో మలుపుకల్లా నా భయం పోయింది. కొండ కింద మూట దించుకుని, కొంగులోంచి రెండు ఉడికించిన చిలగడదుంపలు తీసి చేతిలో పెట్టి, సంత జనంలో కలిసిపోయింది. పేరైనా అడగలేదు నేను.

అక్కడి నుంచి అంతా చదును రోడ్డు. బతికిపోయానన్న ఉత్సాహంతో తొక్కడం మొదలుపెడితే సైకిలు కదలదే! శృంగవరపుకోట దాటేసరికి కళ్లు బైర్లు కమ్మాయి. కొండ నా కాళ్లని పీల్చేసిందనుకున్నాను. ఈ కాళ్లతో భీమిలి ఎలా వెళ్తాను, నాన్న చేత బస్తా ఎలా దింపిస్తాను అనుకుంటూ నిజంగానే ఏడ్చాను. ఏడుస్తూనే తొక్కాను. కొత్తవలస దగ్గర ఒక టీకొట్టాయన గ్లాసు పట్టుకుని రోడ్డు మీదకొచ్చాడు. "బాబూ, ఆ కొమ్మనెక్కడికి అట్టుకెల్తన్నావు?"

వెనక్కి తిరిగి చూసుకున్నాను. ఆకులన్నీ రాలిపోయి, మోడైన కొమ్మ నా వెనకే నమ్మకంగా వస్తోంది. బెంచీ మీదున్నవాళ్లంతా టీ ఒలికిపోయేలా నవ్వారు. తీగ కోసి, టీ తాగించి పంపారు. ఇక అక్కడి నుంచి సైకిలు గాల్లో తేలింది. పెందుర్తిలో సంఘం వాళ్లు తమ షామియానా కూడా విప్పేశారు. స్పానరు బావ ఒక్కడే రోడ్డు మధ్యలో చతికిలబడి ఉన్నాడు. నన్ను చూసి "నాను నిన్ను సంపేసేననుకున్నాన్రా" అని భోరుమన్నాడు. మర్నాడు షాపు మానేసి, బ్రేకులన్నీ తన చేత్తోనే బిగించి, కొత్త రబ్బర్లు వేశాడు.

భీమిలి పందెంలో నేను ఆరోవాణ్ణి. ముందొచ్చిన ఐదుగురి మీదా నాకు గౌరవం, నా వెనక వచ్చిన ఏడో అతని మీద మాత్రం ఇప్పటికీ జాలి. ఇంటికొచ్చి చెబితే అమ్మ ఏడ్చింది, బావ వీధంతా చాటాడు. నాన్న మాత్రం లోపలికెళ్లి, బస్తా మోసేటప్పుడు భుజాన వేసుకునే మడత గుడ్డ తెచ్చి అమ్మకిచ్చాడు. "ఇంక దీన్ని మసిగుడ్డ సేసుకో" అన్నాడు. అంతే. ఆ గుడ్డతో అమ్మ చాలా ఏళ్లు అన్నం గిన్నె దించింది.

ఉద్యోగం చేశాను, రిటైరయ్యాను. ఎప్పుడైనా అరకు వెళ్లి వస్తూ బస్సు ఆ మలుపులు దిగుతుంటే నా వేళ్లు వాటంతటవే ముందు సీటు కడ్డీని బిగించి పట్టుకుంటాయి. "డ్రైవరున్నాడు కదండీ, మీరెందుకు ఆపడం?" అని మా ఆవిడ నవ్వుతుంది. నేనూ నవ్వేస్తాను. నిజమే, ఆ రోజు కూడా ఆపింది నేను కాదు.