తురదాలి బావగారి గిన్నె

మా బావగారు తురదాలి, అంటే మా ఆయన అన్నగారు, పోయి మూడేళ్లయింది. ఆయన తాగిన గిన్నె ఇంకా నా దగ్గరే ఉంది. పారేయడానికి చేతులు రావు.

ఓష్ పట్నానికి పైన కొండ మేతబీళ్లలో ఆడగుర్రాలను పితికి బతికేవాళ్లం మేము. ఆ పాలు పులిస్తే కుమిస్. సాయంత్రం డేరాలో ఒకే కొయ్యగిన్నె చేతులు మారుతుంది, ఒకరు తాగి పక్కవాళ్లకిస్తారు. భార్య పోయి, పిల్లాజెల్లా లేని బావగారికి రోజు మొత్తంలో మనుషుల మధ్య కూర్చునేది ఆ గిన్నె తిరిగే కాసేపే.

ఆ వేసవిలో ఆయన గొంతు బొంగురుపోయింది. ఒకరోజు దగ్గితే నెత్తురు పడింది. ఇంకేముంది, క్షయే అనుకున్నాం. మా మామగారు దానితోనే పోయారు మరి. నా పిల్లలు చూస్తే పసివాళ్లు. అంచు విరిగిన పింగాణీ గిన్నె ఒకటి తెచ్చి, "ఇకనుంచి ఇది మీది బావగారూ, ఏమీ అనుకోకండి" అన్నాను. ఆ మాటన్న పాడు నోరు నాదే! ఆయన "అలాగేనమ్మా" అని ఎడంగా చిన్న డేరా వేసుకున్నారు.

నలభై రోజులు. కుమిస్ పట్టుకెళ్లి, చేయి చాచి పోసి వచ్చేసేదాన్ని. పిల్లలు అటు పోతే వీపులు చిట్లగొట్టేదాన్ని. ఆయన గుర్రాలతోనే మాట్లాడుకునేవారు. "గొంతులో ఏదో కదులుతోందమ్మా" అన్నారొకసారి. "అదంతా భయం బావగారూ" అని కొట్టిపారేశాను.

చివరికి మా ఆయన ఎసెన్‌కుల్ బలవంతాన పట్నం తీసుకెళ్తే, నేనూ వెంట వెళ్లాను. ఛాతీ ఫోటోలో ఏమీ లేదన్నారు. చెవి, ముక్కు, గొంతు చూసే డాక్టరమ్మ జిపారా చిన్న అద్దం పెట్టి గొంతులోకి చూసింది.

"నీళ్లు ఎలా తాగుతావు పెద్దాయనా?"

"ఊట దగ్గర బోర్లా పడుకుని. గుర్రం పక్కనే."

"గుర్రాల నోళ్లలో జలగలు పడతాయా?"

"పడకేం! ఏటా నేనే పీకుతాను."

"మరి నీ నోరెవరు చూశారయ్యా?"

గొంతు మొద్దుబారే మందు చల్లి, పట్టకారుతో వేలెడు జలగను బయటికి లాగింది. గుర్రం నోట నెత్తురు కనబడితే దవడ తెరిచి చూసేవాళ్లం. మనిషి నోట కనబడితే డేరా వేరు చేశాం. సిగ్గుతో చచ్చిపోయాను.

ఇంటికి రాగానే గొర్రెను కోశాం. బావగారిని గుమ్మానికి ఎదురుగా, పెద్దల చోట కూర్చోబెట్టాం.

"నలభై రోజులూ ఒంటరిగా ఉన్నాననుకున్నానర్రా, జలగ తోడుందని తెలిస్తేనా!" అని అందర్నీ నవ్వించారు.

కొయ్యగిన్నెలో తాగి, ఇంటి కోడలినని ముందు నాకే అందించారు. నేనూ తాగాను. తాగేముందు దాన్ని ఆయన నోరు తగలని అవతలి అంచుకి తిప్పాను. ఒట్టు, నాకు తెలియకుండానే తిప్పేశాను. తలెత్తితే బావగారు నా చేతులవైపే చూస్తున్నారు.

మర్నాడు సాయంత్రం కొయ్యగిన్నె ఆయన దాకా వచ్చేసరికి, కోటు లోపలినుంచి ఆ అంచు విరిగిన గిన్నె తీశారు.

"దీంట్లో పొయ్యమ్మా. అలవాటైపోయింది."

"వద్దు బావగారూ" అనాల్సింది. పోశాను. ఆయన బతికినన్నాళ్లూ అందులోనే పోశాను.