దొరసాని వంట, ఖాదర్ రోజా

1956 ఏప్రిల్‌లో నన్ను నంద్యాల నుంచి ఆళ్లగడ్డకు డిప్యుటేషన్ మీద పంపారు. అప్పుడు నేను హెల్త్ ఇన్‌స్పెక్టర్‌ని. క్షయ టీకాల బృందానికి బస, నీళ్లు, భోజనం సరిగా ఉన్నాయో లేదో చూడటం నా పని. బృందమంటే ఒక స్వీడన్ నర్సు, ఒక డ్రైవరు. బస ట్రావెలర్స్ బంగళాలో. అక్కడి వంటవాడు ఖాదర్. అతను ఈ మధ్యనే పోయాడు. ఆ కబురు విన్నాకే ఇది రాస్తున్నాను.

ఒక ఆదివారం మధ్యాహ్నానికి నర్సు తమ దేశపు వంటకం చేయించాలనుకుంది. బంగాళాదుంపలు అగ్గిపుల్లల్లా తరిగి, ఉల్లిపాయలు, ఉప్పులో ఊరిన చిన్న చేపలు పొరలుగా వేసి, మీగడ పోసి, కిందా పైనా సెగ పెట్టాలి. ఖాదర్ డేక్సా మూత మీద నిప్పులు పోశాడు.

"దమ్ము బిర్యానీనే సారూ ఇది. పొట్టేలు పోయి ఉర్లగడ్డ వచ్చుండాది, అంతే" అన్నాడు.

చేపల డబ్బా ఆమె ఇంటి నుంచి తెచ్చుకున్నది. డబ్బా తనిఖీకి ఒక పద్ధతి ఉంది. ఒక వైపు రేకును నొక్కితే రెండో వైపుది పైకి లేవకూడదు. లేస్తే లోపల గ్యాసు పుట్టినట్టు. ఇది లేచింది. తమ వైపు ఇలాగే ఉంటుందని ఆమె వాదించింది. నేను ఒప్పుకోలేదు. కిరసనాయిలు పోసి పాతిపెట్టించి, బదులుగా ఎండు నెత్తళ్లు తెప్పించాను. వాటినీ విరిచి వాసన చూశాను.

మీగడ మాత్రం ముందురోజు సాయంత్రమే నేను రెండిళ్లలో తీసి తెచ్చి ఉంచాను. "ఈ ఎండలకి ఆగదు సారూ. పొద్దున్నే తెచ్చుకుంటే పోలా?" అన్నాడు ఖాదర్. తడిగుడ్డ కప్పాను, చాలన్నాను.

తిన్నది నర్సు, డ్రైవరు, నేను. మూడు గంటలకల్లా ముగ్గురికీ వాంతులు. బంగళా అజమాయిషీ చూసే రెవెన్యూ ఇన్‌స్పెక్టరు వచ్చి ఖాదర్‌ను నిలబెట్టాడు.

"ఏందప్పా, వండినోడివి, ముద్ద ముట్టలేదంటనే?"

"రోజా ఉండా సారూ. ఉప్పు గూడా చూడలేదు."

"ఈ పొద్దే గుర్తొచ్చిందా రోజా?"

ఖాదర్ నా వైపు చూశాడు. వారం రోజులుగా అతను పగలు మంచినీళ్లయినా తాగడం లేదని నాకు తెలుసు. ఆ మాట చెప్పలేదు. ఊళ్లో టీకాలు వద్దన్నవాళ్లు కొందరు వంటింటి గుమ్మం దగ్గర అతనితో మాట్లాడుతుండగా రెండుసార్లు చూశాను. వాళ్లు ఏమైనా కలిపించారేమోనని మంచం మీద పడుకుని ఆలోచిస్తున్నాను. ఆ సాయంత్రమే అతన్ని పనిలోంచి తీసేశారు.

మర్నాడు టీకాలకు వచ్చింది ఒక్క ముసలామె. అదీ వేయించుకోవడానికి కాదు. "దొరసానికే వాంతులంట. మీ సూది మాకేల నాయనా?" అని అడిగి వెళ్లిపోయింది.

నిబంధన ప్రకారం మిగిలిన వంటకం, నెత్తళ్లు, మీగడ వేర్వేరు సీసాల్లో సీలు వేసి ప్రయోగశాలకు పంపాను. నెత్తళ్లలో దోషం లేదు. మీగడలో ఉన్నది మనిషి చీములో ఉండే సూక్ష్మజీవి. అది వేడికి పెరిగి విషం వదిలాక, ఎంత ఉడికించినా ఆ విషం పోదు. ఆ వారం నా చూపుడువేలికి గోరుచుట్టు ఉంది. మీగడ తీసింది ఆ చేత్తోనే.

అదే నివేదికలో రాశాను. నాకు మందలింపు వచ్చింది. ఖాదర్‌ను తిరిగి తీసుకున్నారు. అప్పటికి రంజాన్ పండుగ దాటిపోయింది. నివేదిక సంగతి నేనే వెళ్లి అతనికి చెప్పాను.

"కాయితంలో బాగనే రాసినారు. ఆ పొద్దు నోటితో ఒక్క మాట చెప్పింటే సాలు గదా సారూ" అన్నాడు.

తర్వాతి సర్వీసులో ఇలాంటి కేసు ఏది వచ్చినా వంటవాణ్ణి చివర పిలిచేవాణ్ణి. ముందు పదార్థాలు తెచ్చినవాళ్ల చేతులు చూసేవాణ్ణి. ఒకరి మీద అనుమానం తీర్చే సంగతి నాకు తెలిసి ఉంటే, పరీక్ష ఫలితం కోసం ఆగకుండా అందరి ముందూ అక్కడే చెప్పేవాణ్ణి.